సత్తిని చూసి నవ్విందెవరు, నొచ్చిందెవరు?

2017 నవంబరు 27న హైదరాబాదు బంజారాహిల్సులో, వీ సిక్స్ వార్తా ఛానల్ కార్యాలయం ముందర, ‘బిత్తిరి సత్తి’ పాత్రధారి రవికుమార్ గారి మీద ఒక మనిషి దాడి చేశాడు. హెల్మెట్టుతో కొట్టాడు. రవికుమార్ గారు గాయపడి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. పట్టుబడిన మనిషి చెప్పిన కారణం మరునాటి పత్రికలలో వచ్చింది: సత్తి తెలంగాణ భాషను కించపరుస్తున్నాడట.

ఆ దెబ్బను సమర్థించేవారెవరూ ఉండరు, ఉండకూడదు. దాని మాట అంతటితో వదిలేస్తాను. కాని ఆ కారణాన్ని అంత సులువుగా వదలలేకపోతున్నాను. ఎందుకంటే, హెల్మెట్టు లేకుండా, చేయి ఎత్తకుండా, అదే కారణాన్ని నేను మా శంషాబాదులో ఎన్నోసార్లు విన్నాను. పెళ్ళి పందిళ్ళలో విన్నాను. పింఛను పనిమీద బ్యాంకుకు వెళ్ళినప్పుడు వరుసలో నిలబడ్డ తోటి విశ్రాంత ఉపాధ్యాయుల నోట విన్నాను. “మన భాషను జోకర్ భాష చేసిండు సార్” అన్నవారిలో చదువుకున్నవారే ఎక్కువ. కొట్టినవాడు కూడా ఒక ప్రేక్షకుడే కదా! చూడనివాడికి అంత కోపం రాదు.

ఆ కార్యక్రమం ఎరుగని చదువరుల కోసం రెండు మాటలు. తీన్మార్ అంటే బోనాలకూ గణపతి నిమజ్జనానికీ పెళ్ళి ఊరేగింపులకూ డప్పుల మీద వాయించే దరువు, దానికి వేసే ఆట. 2012లో మొదలైన వీ సిక్స్ ఛానల్ ఆ పేరుతో ఒక వార్తల కార్యక్రమం పెట్టింది. తెలుగు దూరదర్శన వార్తలకు అంతవరకూ ఒకే గొంతు, ఒకే ఉచ్చారణ. పాఠ్యపుస్తకం లేచి నిలబడి మాట్లాడినట్లుండేది. తీన్మార్‌లో వార్తలు మా ఇళ్ళలో మాట్లాడుకునే మాటలలో వచ్చాయి. తరువాత అందులోకి సత్తి వచ్చాడు. మొగంలో ఎప్పుడూ ఒక తత్తరపాటు, నడకలో ఒక వంకర, అడిగే ప్రశ్నలో ఒక వెర్రితనం. సావిత్రి (శివజ్యోతి గారు) వార్త చెబుతుంటే మధ్యలో దూరి తిట్లు తినేవాడు. వీధిలోకి వెళ్ళి దారిన పోయేవారిని పట్టుకునేవాడు. ధరల గురించి, ఎన్నికల గురించి, ఎండల గురించి, మనిషికి తోచకూడని ప్రశ్నలన్నీ అడిగేవాడు. అవతలివాడు నిజమైన మనిషి, విషయం నిజమైన విషయం, అడిగేవాడు ఒక్కడే వేషం. ఇటు వార్తా కాదు, అటు ప్రహసనమూ కాదు. ఇలాంటిదానికి మన లాక్షణికులెవరూ పేరు పెట్టలేదు.

(పండితుణ్ణి కనుక ఒక చిన్న చాపల్యం. ‘బిత్తరి’ అన్న మాటకు నిఘంటువులలో అర్థం చూడండి: స్త్రీ, విలాసవతి. ప్రబంధాలు చదివినవారికి ఆ మాట తెలిసే ఉంటుంది. అటువంటి మాట మా ఊళ్ళకు వచ్చేసరికి కొద్దిగా గుడి మార్చుకుని బిత్తిరివాడైంది. లేక, బిత్తరపోవడంలోని బిత్తరే ఇది కావచ్చు. భాషాశాస్త్రజ్ఞులు తేల్చుకుందురు గాక.)

ఇక చూసినవారి సంగతి. మా శంషాబాదు బస్టాండు దగ్గర ఒక చాయి హోటలు ఉంది. విమానాశ్రయం వచ్చాక, అంటే 2008 మార్చి తరువాత, అక్కడ కూర్చునేవారి తీరు మారింది. వెనుకటికి గింజలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు కూర్చునేవారు. తరువాత తరువాత విమానాల వేళలకోసం కాచుకున్న కారు డ్రైవర్లు, లోపల సామాన్లు మోసే కుర్రవాళ్ళు, ఊడ్చే పనికి వెళ్ళే ఆడవాళ్ళు. వీరిలో కొందరి తాతల పొలాలు ఇప్పుడు ఆ కంచె లోపల ఉన్నాయి. సత్తి వీ సిక్స్‌లో ఉన్న కాలంలో ఆ హోటల్లో టీవీ చుట్టూ గిరాకీ ఎలా ఉండేదో నేను చూశాను. వాళ్ళు నవ్వే చోట్లు నేను గమనించేవాణ్ణి. అది నా వృత్తిలో అబ్బిన అలవాటు. పాఠం చెప్పేవాడికి ఎవడు ఎక్కడ నవ్వాడన్నదే కదా మొదటి పరీక్ష! సత్తి మాటకు వాళ్ళు చిరునవ్వు నవ్వేవారు. సత్తికి ఒక ముసలమ్మ ఇచ్చే జవాబుకు మాత్రం పగలబడేవారు. “అవ్వ అరుసుకున్నది వాన్ని” అని బల్ల చరిచేవారు.

మా తోటి పండితుల స్పందన వేరు. వారిలో ఒక వర్గం, భాష చెడిపోతోందని. రేఫలు పోయాయి, ఒత్తులు పోయాయి, పిల్లలు పరీక్షలలో కూడా ఇలాగే రాస్తారని. ఈ వాదానికి గిడుగువారి కాలంనుంచి జవాబులు ఉన్నాయి కనుక నేను మళ్ళీ చెప్పను. రెండవ వర్గం వారి బాధే నన్ను ఆలోచింపజేసింది. వీరికి యాసమీద ప్రేమ ఉంది. ఉన్నందుకే నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళకు మన మాట టీవీలోకి వచ్చిందని సంతోషిస్తే, వచ్చింది వెర్రివాడి నోటనా? ఇదీ వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు పునాది గట్టిది. శంషాబాదు పక్కనే నర్కూడలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. పాతకాలపు గోపురం, కోనేరు, కొబ్బరిచెట్లు. ఎన్ని సినిమాలు అక్కడ తీశారో లెక్కలేదు, దానికి సినిమా గుడి అనే పేరే పడిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గోడమీద కూర్చుని షూటింగులు చూసేవారు. ఆ చిత్రాలలో నాయకుడు మాట్లాడేది ఒక తెలుగు. గోడమీద కూర్చున్నవారిది ఇంకొక తెలుగు. ఈ రెండవ తెలుగు తెరమీదికి వస్తే ప్రతినాయకుడి నోటనో హాస్యగాడి నోటనో రావాలి. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావుగారు కాశయ్య పాత్రలో తెలంగాణ యాస మాట్లాడారు. మహానటుడాయన, ఆ పాత్రను ఎవరూ మరువలేరు. ఆయన ప్రతిభకు నమస్కారం పెడుతూనే అనాలి, ఆ తరువాత దుర్మార్గపు రాజకీయనాయకుడికీ వీధిరౌడీకీ మా మాట యూనిఫారంలాగా అయిపోయింది. ముప్ఫై ఏళ్ళపాటు అటువంటి నవ్వును భరించిన చెవికి, సత్తి మాట కూడా ఆ నవ్వులో భాగంగానే వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

నిజానికి ఇది సినిమావారు కనిపెట్టిన విద్య కాదు. సంస్కృత నాటకం చదువుకున్నవారికి తెలుసు. రాజు సంస్కృతం మాట్లాడతాడు. విదూషకుడు బ్రాహ్మణుడే, రాజుకు ప్రాణమిత్రుడే, అయినా ప్రాకృతమే మాట్లాడాలి. రాణిదీ ప్రాకృతమే. ఎవరు ఏ భాష మాట్లాడాలో నాట్యశాస్త్రమే విధించింది. అయితే మన చదువుల్లో ఆ విదూషకుణ్ణి తిండిపోతుగా మాత్రమే చూపించి వదిలేస్తారు. రాజు మొగంమీద నిజం చెప్పగలిగినవాడు కూడా ఆ నాటకంలో వాడొక్కడే, అదీ ప్రాకృతంలోనే. సంస్కృతం మాట్లాడే మంత్రులు చెప్పలేని మాట, తినబోయే లడ్డూను వంక పెట్టుకుని వాడు చెప్పేస్తాడు. నవ్వు పుట్టించే భాష తక్కువ భాష అనుకోవడానికి ముందు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

మన దగ్గర దీనికి ఇంకా దగ్గరి చుట్టాలున్నారు. పగటివేషగాళ్ళు రంగస్థలం కట్టుకోరు, తెర వేసుకోరు. పట్టపగలు నిజమైన వీధిలో, నిజమైన గుమ్మం ముందుకు, సిపాయిగానో షావుకారుగానో వచ్చి నిలబడతారు. ఇంటివారితోనే సంభాషణ. ఇంటివారికి తెలియకుండానే వారూ పాత్రలైపోతారు. ఆఖరి రోజున వచ్చి సంభావన పుచ్చుకుంటారు. తెలంగాణలోనైతే పిట్టలదొర ఉన్నాడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబనీ పిలుస్తారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలగాపులగం చేసి కోతలు కోస్తాడు. లక్షల ఎకరాల ఆసామిని అంటాడు, కట్టుకోవడానికి సరైన బట్ట ఉండదు. నా చిన్నతనంలో సంతలకు వచ్చేవాడు. వాడి కోతలకు మా ఊరి రైతులు నవ్వేవారు కాని, వాడు మా మాట మాట్లాడి మమ్మల్ని అవమానించాడని ఎవ్వరూ అనలేదు. నవ్వుతున్నది పిట్టలదొర మాటను చూసి కాదు, అసలు దొరను చూసి. అసలు దొర ముందు నవ్వే వీలు లేదు కనుక కట్టె తుపాకి దొర ముందు నవ్వేవారు. 2019లో రవికుమార్ గారు కథానాయకుడిగా వచ్చిన చిత్రం పేరు ‘తుపాకి రాముడు’. ఆ పేరు ఎవరు పెట్టారో కాని, సత్తి ఇంటిపేరేమిటో బాగా ఎరిగినవారు పెట్టారు.

రవికుమార్ గారిది మా జిల్లానే. శంషాబాదుకు పడమటగా చేవెళ్ల మండలం, పామెన గ్రామం. ఆయన మాట్లాడింది అద్దెకు తెచ్చుకున్న యాస కాదు. తెరమీది రౌడీ యాసకూ దీనికీ తేడా మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. క్రియాపదాలు కత్తిరిస్తే తెలంగాణ యాస అవుతుందనుకునేవారికి ఆ తేడా వినిపించదేమో కాని, మాకు వినిపిస్తుంది.

నవ్వు వల్ల నోరు మూతపడటమూ, నవ్వు వల్ల నోరు విచ్చుకోవడమూ రెండూ నేను చూశాను. 1990లలో ఒక పాఠశాలలో తనిఖీకి వచ్చిన అధికారి ఏడవ తరగతిలోకి వచ్చి, పాలనుంచి ఏమేమి వస్తాయో చెప్పమన్నాడు. ఒక పిల్లవాడు, చుట్టుపక్కల పల్లెనుంచి నడిచి వచ్చేవాడు, అందరికంటె ముందు లేచి “పెరుగు, సల్ల, వెన్న, నెయ్యి” అన్నాడు. అధికారి “సల్లా? అదేమిటయ్యా?” అని నవ్వాడు. తరగతి యావత్తూ నవ్వింది, ఇంట్లో రోజూ సల్ల తాగే పిల్లలతో సహా. నేను వెంటనే, చల్ల అన్నది ప్రాచీన కావ్యాలలో ఉన్న మాట, చల్లకు వచ్చి ముంత దాచడం అన్న సామెత తమరూ వాడుతూనే ఉంటారు అని చెప్పాను. ఆ అధికారి మంచివాడే, ఒప్పుకున్నాడు. పిల్లవాడు మాత్రం ఆ ఏడాదంతా మళ్ళీ చేయి ఎత్తలేదు. జవాబు తెలుసు, నోరు రాదు. అటువంటి పిల్లలను ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరిని చూశానో. బడిమాట రాక కాదు వాళ్ళ మౌనం. తమ మాటకు ఎదుటివాడు నవ్వుతాడన్న భయం.

జవాబు తెలిసీ నోరు మెదపకపోవడం ఎంతదూరం తీసుకుపోతుందో, ఈ మధ్య అనుకోని దారిలో నా ముందుకు వచ్చింది. మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు, నా పూర్వవిద్యార్థి, విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే విభాగంలో పని. అతడు ఒక అమెరికా ధారావాహికను తన ఫోనులో పెట్టి నాకు చూపించి, అర్థంకానిచోట చెబుతూ వచ్చాడు. పేరు ‘ది రిహార్సల్’. నేథన్ ఫీల్డర్ అనే కెనడా హాస్యకారుడు హెచ్‌బీవో కోసం తీశాడు. మొదటి భాగం 2022లో, రెండవది 2025 ఏప్రిల్, మే నెలల్లో వచ్చాయి. నటులు కాని మామూలు మనుషులను తీసుకువచ్చి, వారి జీవితంలో ఎదురుకాబోయే ఘట్టాలను సెట్టు వేసి ముందుగా అభ్యాసం చేయిస్తాడు. ఫీల్డర్ మొగంలో నవ్వు అనేది ఉండదు. కాసేపు చూసి మా అబ్బాయి అన్నాడు: “గీయన మన సత్తి లెక్కనే ఉన్నడు సార్. గని అస్సలు నవ్వడు.” నేను చదివిన ఏ సమీక్షలోనూ ఇంత పొందికైన మాట లేదు.

రెండవ భాగం పూర్తిగా విమానాల గురించి. విమానం ప్రమాదంలో పడుతున్నదని సహ పైలట్‌కు తెలిసి కూడా, ప్రధాన పైలట్‌తో గట్టిగా చెప్పలేకపోవడం వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయన్నది అతని వాదన. విమానాశ్రయాన్ని అచ్చంగా సెట్టు వేశాడు, సహ పైలట్లను పిలిచి పాటల పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టాడు (ఎదుటివాడి మొగంమీద ‘నీకు పాట రాదు’ అని చెప్పగలరా లేదా అన్న పరీక్షట!), చివరికి తానే రెండేళ్ళపాటు పైలట్ విద్య నేర్చుకుని, నటులను ప్రయాణికులుగా ఎక్కించుకుని బోయింగ్ 737 నడిపాడు. వెర్రికి కూడా ఒక తపస్సు ఉంటుందని నాకు అప్పుడు తోచింది.

దానిమీద ప్రేక్షకుల మాటలూ రెండు పాయలే. గొప్పగా ఉందన్నవారున్నారు. క్రూరంగా ఉందన్నవారున్నారు. ముఖ్యంగా మొదటి భాగంలో ఒక పసివాడు, నటనకోసం ఫీల్డర్‌ను నాన్న అని పిలిచినవాడు, ఆట ముగిశాక కూడా ఆయనను నాన్నే అనుకోవడం చూసి చాలామంది కలత చెందారు. ఆ కలత న్యాయమైనది. ఇక రెండవ భాగం చూసి అమెరికా విమానయాన అధికారులు, పైలట్ల మాటల లోపమే ప్రమాదాలకు కారణమనడానికి తమ దగ్గరి సమాచారం తోడ్పడడం లేదన్నారు. ఈ విషయంలో తీర్పు చెప్పే విద్య నాకు లేదు. కాని మన దేశంలో 2010 మే 22న మంగళూరులో దుబాయినుంచి వచ్చిన విమానం దిగుతూ కొండవాలులో పడి 158 మంది చనిపోయారు కదా, దాని విచారణ నివేదికలో ఉంది: దిగవద్దు, మళ్ళీ పైకి లేపుదాం అని సహ పైలట్ మూడుసార్లు అన్నాడు. ప్రధాన పైలట్ వినలేదు. సహ పైలట్ తన చేతిలోకి తీసుకోలేదు. 1977లో టెనెరిఫ్‌లో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయిన నాడు కూడా, ఎదుటి విమానం ఇంకా తప్పుకోలేదేమో అని ఒక ఇంజనీరు సందేహంగా అడిగాడు. పెద్దాయన తప్పుకుంది అన్నాడు. అడిగినవాడు మళ్ళీ అడగలేదు. ఈ ‘మళ్ళీ అడగకపోవడం’ నాకు బాగా తెలిసిన విషయం. నా తరగతి గదిలో మూడవ బల్లమీద కూర్చుని ఉండేది.

ఆ ధారావాహిక ముగిసిన మూడు వారాలలోపే, 2025 జూన్ 12న, అహమ్మదాబాదులో విమానం కూలింది. ఆ వారం మా అబ్బాయి తల్లి, విమానాల మీద నవ్వే బొమ్మ ఇంట్లో పెట్టవద్దని కొడుకును కోప్పడిందట. అదీ ఒక ప్రేక్షకురాలి స్పందనే. విమానాశ్రయం నీడలో బతికే ఇంటికి ఆ మాట అనే హక్కు ఉంది.

సత్తినీ ఫీల్డర్‌నూ పక్కపక్కన పెడితే నాకు కనిపించిన భేదం ఒకటుంది. ఫీల్డర్ వెర్రివాడిగా కనిపిస్తాడు గాని, ఆట పగ్గాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. కాగితాలమీద సంతకాలు, సెట్టులు, డబ్బు, ఏ ముక్క ఉంచాలో ఏ ముక్క తీసేయాలో అన్నీ అతనివే. ఎదుటివాడికి తాను ఏ కథలో ఉన్నాడో తెలియదు. సత్తి కార్యక్రమానికీ కత్తిరింపులు లేకపోలేదు, అయితే వీధిలో నిలబడ్డ క్షణాన సత్తి ఎదుటివాడికంటె ఒక మెట్టు కింద ఉంటాడు. కూరగాయలమ్మే ఆమె వాడికి బుద్ధి చెబుతుంది, వాడు చెప్పించుకుంటాడు. మైకు చూడగానే బిగుసుకుపోయి ‘అండీ’లు వెతుక్కునే మనిషి, తనకంటె తెలివితక్కువవాడు, తన మాటే మాట్లాడేవాడు మైకు పట్టుకుని వచ్చేసరికి ధారాళంగా మాట్లాడేవాడు. గంభీరమైన విలేఖరి తీసుకురాలేని జవాబులు సత్తి తెచ్చాడు. చాయి హోటల్లో బల్ల చరిచినవారు నవ్వింది ఆ జవాబులకే. అందుచేత, భాషను కించపరిచాడన్న అభియోగం నేను ఒప్పుకోను.

అలాగని మెచ్చుకోళ్ళతో సరిపెట్టడమూ నాకు ఇష్టం లేదు. సత్తికి పేరు పెరిగాక సినిమా కథానాయకులు తమ చిత్రాల ప్రచారానికి అతని ఎదుట కూర్చోసాగారు. కూరగాయలమ్మి ముందు ఒక మెట్టు దిగే హాస్యగాడు, కథానాయకుడి ముందు దిగితే అది వేరే పని అవుతుంది. అక్కడ దిగడం భట్రాజు పని. పిట్టలదొర దొరగారి గడీలో కొలువు చేసినట్లు నాకు అనిపించేది. ఆ ముఖాముఖీలను మా డ్రైవర్లు కూడా అంత ఆసక్తితో చూసినట్లు లేదు. “గీ హీరోను ఏం అడగలేకపోయిండు” అని పెదవి విరిచినవాణ్ణి ఎరుగుదును.

రెండవ ఫిర్యాదు సత్తి మీద కాదు, ఆయనను చూసి నేర్చుకున్నవారి మీద. తీన్మార్‌కు జనాదరణ రాగానే ప్రతి ఛానలూ ఒక యాస కార్యక్రమం పెట్టుకుంది. రవికుమార్ గారు స్వయంగా 2019లో టీవీ నైన్‌కు, ఆ మీదట సాక్షికి వెళ్ళారు. యాసకు ఒక అరగంట దొరికింది, ఆ అరగంట నవ్వుకోసం. రాష్ట్ర బడ్జెట్టు వివరించేటప్పుడు ఏ భాష? వరదలో కొట్టుకుపోయినవారి పేర్లు చదివేటప్పుడు ఏ భాష? శాస్త్రజ్ఞుణ్ణి, వైద్యుణ్ణి, న్యాయవాదిని కూర్చోబెట్టి మాట్లాడించేటప్పుడు ఏ భాష? మళ్ళీ బడి భాషే. నొచ్చుకున్న పెద్దల బాధకు మూలం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. సత్తి అలా మాట్లాడటం వారిని నొప్పించలేదు. సత్తి ఒక్కడే అలా మాట్లాడవలసి రావడం నొప్పించింది. ఆ రెంటినీ విడదీసి చూడలేక కోపాన్ని దగ్గరున్నవాడి మీద చూపించారు.

దాడి జరిగిన మూడు వారాలకే, 2017 డిసెంబరు 15 నుంచి 19 వరకు, హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. తెలంగాణ పలుకుబడిని, కాళోజీని, జానపదుల నుడికారాన్ని పొగుడుతూ మంచి మంచి ఉపన్యాసాలు విన్నాను. నేను విన్నంతలో ఆ పొగడ్త అంతా చక్కని పుస్తక భాషలో ఉంది. మధ్య మధ్య హాస్యంకోసం మాత్రం రెండు మాటలు యాసలో విసిరేవారు, సభ నవ్వేది. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాము. ఆ రోజు బడులలో పిల్లల చేత చేయించే ప్రసంగాలు కూడా ఎక్కువగా ఇదే తీరు.

ఆ సంవత్సరమే, జూలైలో, ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్ల ఆ చిత్రానికి నాయిక. ఆమె తన మాటతోనే అలిగింది, ప్రేమించింది, ఎదిరించింది. ప్రేక్షకులు ఆమె యాసను చూసి కాక ఆమె పొగరును చూసి ముచ్చటపడ్డారు. ఆపైన 2023 మార్చిలో ‘బలగం’. దర్శకుడు వేణు యెల్దండి గారు హాస్యనటుడిగా పేరు తెచ్చుకున్నవారు, ఇది గమనించాలి. ఒక చావు, పదకొండు రోజులు, పిట్ట ముట్టని ముద్ద. పల్లెపల్లెనా ఆరుబయట తెరకట్టి ఊరంతా కూర్చుని చూశారు, ఏడ్చారు. పత్రికలు ఆ ఫోటోలు వేశాయి. ఏ మాట వింటే నవ్వు రావాలని నలభై ఏళ్ళుగా సినిమా మనకు అలవాటు చేసిందో, ఆ మాటకే జనం కొంగులు తడుపుకున్నారు. అందులో హాస్యమూ పుష్కలంగా ఉంది, ఎవరూ నొచ్చుకోలేదు. ఏడవగలిగిన భాషలో నవ్వినా అవమానం అనిపించదు కాబోలు. తీన్మార్ వచ్చిన రోజులలో ఆ ఏడుపు ఇంకా తెరమీదికి రాలేదు. సత్తి కొన్నేళ్ళు ముందు వచ్చి, ఆ భారమంతా ఒక్కడే మోశాడు.

మా అబ్బాయి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ధారావాహిక చూసిన తరువాతనో ముందో నేను అడగలేదు. ఒకరాత్రి పనిలో ఉండగా, విమానంలోకి ఎక్కించిన సామాన్ల లెక్కకూ కాగితంలో ఉన్న లెక్కకూ పొత్తు కుదరలేదట. పైఅధికారి ఉత్తరాది మనిషి, ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడడు, తొందరలో ఉన్నాడు. బయలుదేరే వేళ అయింది.

“ఇంగ్లీషుల చెప్దమని ఎతికిన సార్, మాట దొరకలే,” అన్నాడు మా అబ్బాయి. “ఇగ మన తీర్గనే చెప్పిన. లెక్క తప్పువడ్డది, ఆపుండ్రి అన్న. రెండుసార్లన్న. గట్టిగనే అన్న.”

“నవ్వాడా ఆయన?” అని అడిగాను.

“నవ్వలే సార్. దిగొచ్చి లెక్కవెట్టిండు.”